రుచి చూడకుండా వండిన కూర

ఇంటర్లో ఫిజిక్స్ నాకు ఎంతకీ కొరుకుడు పడలేదు. రాసిన ప్రతిసారీ తప్పాను. నాకు వచ్చిందల్లా మేనమామ వెంట పెళ్లిళ్లకు పోయి పెద్ద పెద్ద గంజుల ముందు నిలబడి కూర కలపడమే. ఆయన మా కేతేపల్లి చుట్టుపక్కల దావత్‌లకు వండేవాడు. గొర్లు కాస్తూ నన్ను చదివిస్తున్న బాపుకు మాత్రం నా వంట పిచ్చి తల కొట్టేసినట్టు ఉండేది.

మా ఇంట్లో ఎల్లమ్మ పండుగ చేసిన ఏడాది మొండికేశాను. వంట పని నేర్పే కాలేజీలో చేరతానన్నాను.

"పండుగకు కూర నువ్వే వండు. మీ మామ చెయ్యి పెట్టొద్దు. మంచిగుంటే నీ ఇష్టం. లేకుంటే నోరు మూసుకొని మల్ల పరీక్ష కట్టు," అన్నాడు బాపు.

ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. ఒక్క సంగతి మరిచిపోయాను. ఎల్లమ్మకు పెట్టేదాకా ఆ కూర ఎవరూ నాలుక మీద వేసుకోకూడదు. ఎంగిలవుతుంది.

మాంసం ఉడుకుతోంది. అల్లం, కారం, కొబ్బరి అలవాటు కొద్దీ పడిపోయాయి. ఉప్పు కొంత వేసి ఆగిపోయాను.

"మామా, సరిపోతదా?" అని గొణిగాను.

"నన్నడగకు, మీ బాపు చూస్తాండు. ఆవిరి మొఖం మీదికి తీస్కో, గదే చెప్తది."

ఆవిరి నాకేమీ చెప్పలేదు. పరీక్ష హాల్లో ప్రశ్న చదివినకొద్దీ అయోమయమైనట్టే, వాసన చూసినకొద్దీ అసలు ఉప్పు వేశానా లేదా అని అనుమానం పట్టుకుంది. ఎక్కువైతే కూరంతా పాడు, నేను మళ్లీ ఆ బెంచీ మీద. చేతిలోకి తీసుకున్న ఉప్పును తిరిగి డబ్బాలో పోసి మూత పెట్టేశాను.

అమ్మవారికి పెట్టడం అయింది. భోజనాలకు బంతి వేశారు. బాపు మొదటి ముద్ద నమిలి, పక్కాయనను ఉప్పు అడిగాడు. ఆయన చిటికెడు కలుపుకుని, విస్తరి ఖాళీ చేసి, ఇంకోసారి కూర వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కోవడానికి లేస్తే నీళ్ల చెంబు నేనే తీసుకెళ్లాను. తల ఎత్తే ధైర్యం లేదు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

"భయమైంది బాపూ."

"మల్లొచ్చేసారి జర ఎక్కువెయ్యి."

అప్పటిదాకా నాతో ఎవరు 'మల్లొచ్చేసారి' అన్నా పరీక్ష గురించే అన్నారు. చెంబు పట్టుకుని అక్కడే ఏడ్చేశాను.