డి డ్రైవ్‌లో మా అత్తయ్య

మొన్న మధ్యాహ్నం మా అత్తయ్య డెబ్బై ఏళ్ల జీవితాన్ని ఒక్క క్లిక్కుతో తుడిచేశానండి! నవ్వకండి, టీ తాగుతూ వినండి.

మేముండేది బాపట్లలో. అత్తయ్య పుట్టింది మాత్రం చీరాల దగ్గర రామాపురం. నెత్తిన చేపల గంపతో ఊళ్లు తిరిగి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. ఆర్నెల్లుగా రోజూ అన్నాలయ్యాక ఆవిడ తన కథ చెప్పడం, నేను ల్యాప్‌టాప్‌లో టైప్ చేయడం. అరవై పేజీలయింది.

ల్యాప్‌టాప్ ఏమో పాతది. కొత్త విండోస్ వేసినప్పట్నుంచి అది ఆన్ అయ్యేలోపు అన్నం ఉడికిపోతోంది. సరే, పాత విండోసే మళ్లీ వేసేద్దామని వీడియో పెట్టుకుని కూర్చున్నా.

ఆఫీసు నుంచి మా ఆయన ఫోన్. "బ్యాకప్ తీశావా?"

"ఫైల్సన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయండీ. ఫార్మాట్ అయ్యేది సీ డ్రైవే కదా!"

అబ్బో, ఎంత జ్ఞానమో నాకు!

పాత విండోస్ ఎక్కించిన పెన్ డ్రైవ్ పెట్టా. స్క్రీన్ మీద డ్రైవులు వరసగా వచ్చాయి. ఏది సీ, ఏది డి, పేర్లే లేవు. వీడియోలో అతను "అన్నీ డిలీట్ చేసేయండి ఫ్రెండ్స్" అన్నాడు. చేసేశా ఫ్రెండ్స్!

ఇక శాతాలు మొదలు. పన్నెండు... పదమూడు... సముద్రం వైపు నుంచి చల్లటి గాలి. స్క్రీన్ మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటే కళ్లు మూతలు పడ్డాయి. అత్తయ్య చెప్పిన తెల్లవారుజాము కనిపించింది. మంచులోంచి పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకొస్తున్నాయి. పదేళ్ల అత్తయ్య తడి ఇసుకలో నిలబడి వాళ్ల నాన్న పడవ కోసం చూస్తోంది. నేనూ పక్కనే నిలబడ్డా. అల వెనక్కి వెళ్తుంటే కాళ్ల కింద ఇసుక మెల్లగా జారుతోంది. ఎంత హాయిగా ఉందో!

మెలకువొచ్చేసరికి స్క్రీన్ నన్ను పలకరిస్తోంది. అడిగినవన్నీ చెప్పి లోపలికెళ్లా. ఒక్కటే డ్రైవ్. సీ. డి లేదు!

ఇసుక ఈసారి నిజంగానే జారింది.

రైలెక్కి తెనాలి రిపేర్ షాపుకి పరిగెత్తా. షాపాయన గంటసేపు తంటాలు పడి తల అడ్డంగా ఊపాడు. "ఫైళ్ల పేర్లొచ్చాయి అక్కా. లోపల మాత్రం ఏమీ లేదు."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చేశా. ఇంటికొచ్చి అత్తయ్య పక్కన చతికిలబడ్డా.

"అత్తయ్యా, మీరు చెప్పిందంతా పోయింది. నా వల్లే."

"అంతానా?"

"అంతా."

ఆవిడ కొంగుతో నా మొహం తుడిచింది. "పోతే పోయిందిలే అమ్మాయ్. అందులో మీ మావయ్యని మరీ మంచోణ్ణి చేసి చెప్పాను. ఈసారి ఉన్నదున్నట్టు చెప్తా. పుస్తకం తెచ్చుకో" అంది.

నోట్‌బుక్ తెచ్చుకుని భక్తిగా కూర్చున్నా. ఆవిడ కళ్లు మూసుకుని, గొంతు సవరించుకుని, మొదటి వాక్యం చెప్పింది.

"నాకొక కోడలుంది. బాగా చదువుకుంది, కానీ... రాస్తున్నావా?"

"రాస్తున్నానత్తయ్యా."