మల్లేశయ్య కుట్టిన మనిషి

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుట, మందుల షాపు మెట్ల కింద కుట్టు మిషన్ పెట్టుకున్న మల్లేశయ్య చేత ఒక మాట పలికించాలంటే తల ప్రాణం తోకకొచ్చేది. కొలతలు తీసుకుంటూ ‘ఊఁ’ అనేవాడు. బట్టలెప్పుడిస్తావంటే షాపు గోడకున్న గడియారం చూపించేవాడు. అలాంటి మనిషి దగ్గరికి గిరాకీ ఎందుకు వచ్చేదంటే, పక్కనే గోనెపట్టా పరుచుకుని ఆకుకూరలమ్మే ఆయన భార్య అనంతమ్మ నోటికోసం వచ్చేది. ఆమె మాటలకు ఆగినవాళ్లు, ఎలాగూ ఆగాం కదా అని ఓ తోటకూర కట్ట కొనేవారు. ఊడిన గుండీ అప్పుడే గుర్తొచ్చి చొక్కా ఇచ్చిపోయేవారు.

ఔటర్ రింగు రోడ్డు పడి, చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చిన కాలం అది. కందులు పండిన చేలల్లో ప్లాట్ల రాళ్లు మొలిచాయి. ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీలే. మోకాళ్ల దగ్గర చినిగిన ప్యాంటు వేసుకున్న పిల్లగాడు కనిపిస్తే అనంతమ్మ ఊరుకునేది కాదు.

"చింపినోనికి పైసలిచ్చి వచ్చినవా కొడుకా? కుట్టేటాయన ఈడ ఉత్తగనే కూసున్నడు గదా!"

ప్లాట్లమ్మే దళారి ఒకడు, పాలకూర తాజాదేనా అని అడిగాడు. "మీ ప్లాటు లెక్క కాదు బిడ్డా, కండ్ల ముంగటనే ఉన్నది. పట్టుకొని సూడు" అంది. తుర్కయాంజాల్ అపార్టుమెంట్ల నుంచి కారులో వచ్చినామె కొసరు కొత్తిమీర అడిగితే, "నీకొక్కదానికేనా, నీ కారుకు గూడ ఓ కట్ట కట్టాల్నా?" అంది. ఎవరికీ కోపం వచ్చేది కాదు. మాట పడ్డవాళ్లే మర్నాడు మళ్లీ వచ్చేవారు. మీ ఆయనకు మాటలు రావా అవ్వా అని ఎవరైనా అడిగితే, "ఎందుకు రావు? వచ్చినయన్ని గుండీలల్ల పెట్టి కుట్టేస్తడు" అనేది.

అది విన్నప్పుడల్లా మల్లేశయ్య తలొంచుకుని నవ్వుకునేవాడు. ఆ నవ్వు ఆమె ఒక్కతికే తెలుసు.

మల్లేశయ్య ఆమెను పేరు పెట్టి పిలిచింది జన్మలో ఒక్కసారి, పెళ్లయి ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు. ఆయన అక్క ప్రేమమ్మ గడపకు అడ్డం నిలబడి, ఒకరి పేరు ఒకరు చెబితేగాని లోపలికి రానివ్వనంది. ఆ ప్రాంతపు పెళ్లిళ్లలో అదొక ముచ్చట. సిగ్గుపడాల్సిన పెళ్లికూతురు గడగడా చెప్పేసింది. పెళ్లికొడుక్కే గొంతు పెగల్లేదు. పెదవులు కదిలాయి, అంతే. "ఇనవడలే, ఇనవడలే" అని గుంపంతా గోల. అప్పుడు అనంతమ్మే, "నాకినవడ్డది, సాలు. తొవ్వ ఇడువుండ్రి" అని మొగుడి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

ఆలుమగలు పేర్లు పెట్టి పిలుచుకుంటే ఆయుష్షు తగ్గుతుందని తర్వాత తల్లి చెప్పింది. మొక్కబోయిన దేవుడు ఎదురొచ్చినట్టయింది మల్లేశయ్యకు. కొడుకు పుట్టినా, కోడలొచ్చినా, మనుమరాలు కాలేజీకెళ్లినా, ఆమెను "ఇగో" అనే పిలిచాడు. ఆ "ఇగో"కే ఆమె పలికేది.

కిందటి వానాకాలం ఒక పొద్దున, గోంగూర కట్టలు కడుతూ కడుతూ అనంతమ్మ పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం అన్నారు. నగరంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. కుడి కాలు కొంచెం కొంచెం కదిలింది. మాట మాత్రం రాలేదు. ఊరి నోళ్లన్నీ మూయించిన నోరు ‘ఆ’, ‘ఊ’ల దగ్గర ఆగిపోయింది.

"మాట మళ్లీ రావచ్చు," అంది డాక్టరమ్మ. "కానీ మీరే దాన్ని పిలవాలి. రోజంతా ఆమెతో మాట్లాడుతూ ఉండండి. పేరు పెట్టి పిలవండి. పగలు దగ్గరుండేది ఎవరు?"

కొడుకు భూపాల్ నగరంలో క్యాబ్ నడుపుతాడు. కోడలు సునంద తుర్కయాంజాల్లో బట్టల షాపులో పని చేస్తుంది. మనుమరాలు భవితకు కాలేజీ. ముగ్గురూ కలిసి మల్లేశయ్య వైపు చూశారు. ఆయన నేల చూపులు చూశాడు. మొత్తం ఇంట్లో మాటలు చేతకాని మనిషి ఆయనొక్కడే, మాటను తిరిగి తెచ్చే పని ఆయన నెత్తినే పడింది.

మిషన్ను ఇంటికి తెచ్చి ఆమె మంచం పక్కన వేసుకున్నాడు. మొదటి రోజు పొద్దున్నే, "ఇగో, ఎండ మస్తు కొడుతుంది" అన్నాడు. రెండో మాట వెతుక్కునేసరికి సాయంత్రమైంది. "ఎండ పోయింది," అన్నాడు. పాత అనంతమ్మైతే ఆ మాటకు ఆయన్ను ఉతికి ఆరేసేది. ఇప్పుడు గోడవైపు చూస్తూ పడుకుంది. బస్టాండంతటికీ పంచిన మాటల్లో తాను ఒక్కటీ దాచుకోలేదే అని ఆయనకు ఏడుపొచ్చింది. ఇక పేరంటారా, అది నాలుక చివరిదాకా వచ్చేది. డాక్టరమ్మ పిలవమంది, తల్లి పిలవొద్దంది. ఉన్న కాస్త ఆయుష్షును తన నోటితోనే కత్తిరిస్తానేమోనని భయం. పేరు మింగేసి మిషన్ తొక్కేవాడు.

ఇలా ఉండగా భవిత కాలేజీలో ఒక ఆట తయారు చేయడం మొదలుపెట్టింది. కంప్యూటర్లోకి ఎక్కించే ముందు అట్టముక్కల మీద ఆడి చూడాలట. నగరం ఉన్నట్టుండి ఆగిపోతుంది, కరెంటుండదు, నీళ్లుండవు, మిగిలినవాళ్లు ఎలాగో బతికి బయటపడాలి. ఆడేవాళ్లు తలా ఒక మనిషిని తయారు చేసుకుని, ఆ మనిషిలాగే మాట్లాడాలి. కథ నడిపేది భవిత. ఆమె స్నేహితుడు తిరుమల్ మిలిటరీ మేజర్ను చేసుకున్నాడు. ఇంకో స్నేహితురాలు సంతోషి చీకట్లో కూడా ఆపరేషన్ చేసే డాక్టర్ను చేసుకుంది. చూసిన లెక్చరర్, "అందరూ వీరులే గానీ, ఇందులో ఒక్క మనిషి లేడమ్మా. నవ్వేవాళ్లు లేకపోతే ఎన్నాళ్లు బతుకుతారు?" అన్నాడు.

ఆ ఆదివారం తిరుమల్, సంతోషి ఇంటికొచ్చారు. భవిత చాప పరిచి తాతను పిలిచింది.

"తాతా, నువ్వొక మనిషిని జెయ్యాలె. మామూలు మనిషి. తుపాకి వద్దు, బలం వద్దు. ఎంత కష్టమొచ్చినా నవ్విపియ్యాలె. అసొంటోళ్లు నీకు ఎవలన్న ఎరుకనా?"

ఎరుకైన మనిషి ఒక్కతే ఉంది. మంచం మీద గోడకానుకుని కూర్చుంది.

"ఆడామె," అన్నాడు మల్లేశయ్య.

"ఏం పని జేస్తది?"

"ఆకుకూరలు."

"బలం?"

"నిండు గంప ఎత్తుతది."

"దేనికి భయపడ్తది?"

"జెర్రికి."

పిల్లలు నవ్వారు. ఇంకేం తెలుసో చెప్పమంది భవిత. మల్లేశయ్య చేతిలో ఉన్న ప్యాంటు అంచు మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాడు.

"అన్నం తినేటప్పుడు ఎవలన్న వస్తే పళ్లెం దాసిపెట్టది. నడుమకు జరుపుతది. ఏడుపొస్తే ఉల్లిగడ్డలు ముంగటేసుకొని కోస్తది. గప్పుడు ఆ దిక్కు సూడొద్దు. సూస్తే కోపం."

భవిత కలం ఆగిపోయింది. తాత ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడగా ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. "పేరేంది తాతా?" అంది, మెల్లగా.

మల్లేశయ్య దగ్గాడు. "గామె" అన్నాడు.

"గామె అంటే పేరా?"

"గామె అంటే గామెనే."

పోనీలెమ్మని అట్టముక్క మీద ‘గామె’ అని రాసింది. మంచం మీదున్నామె చూపు గోడ నుంచి ఇటు తిరగడం ఎవరూ గమనించలేదు.

ఆట మొదలైంది. నీళ్లు వెతుక్కుంటూ ముగ్గురూ సాగర్ రోడ్డు మీద నడుస్తున్నారు. తుర్కయాంజాల్ దగ్గర ఒక ముఠా దారి కాచింది. మేజరుకు తూటాలు అయిపోయాయి. "గంపలో ఏముందే, తాజాదేనా?" అని గద్దించాడు ముఠా నాయకుడు. ఆ నాయకుడి మాటలు పలికింది భవితే. అందరూ మల్లేశయ్య వైపు చూశారు.

"కండ్ల ముంగట ఉన్నది... ప్లాటు," అన్నాడు. "కాదు. పాలకూర. మీ ప్లాటు తాజాది కాదు."

ఎవరూ నవ్వలేదు. అంతలో మంచంపట్టె మీద టప్పుమని దెబ్బ పడింది. అనంతమ్మ ఎడమ చేత్తో కొట్టింది. వాడిపోయిన మెంతికూరను తాజాదని అంటగట్టబోయిన బేరగాణ్ణి చూసినట్టు మొగుణ్ణి చూస్తోంది. బంగారం లాంటి మాటను ఇట్లా బుగ్గిపాలు చేస్తావా అని ఆ చూపు. వానాకాలం తర్వాత ఆ ముఖంలో కోపం కనిపించడం అదే మొదటిసారి. మల్లేశయ్యకు ప్రాణం లేచొచ్చింది.

ఆ మర్నాటి నుంచి ఆయనకు పని దొరికింది. ఆదివారం ఆటకోసమని, మిషన్ తొక్కుతూ అనంతమ్మ మాటలన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి ఆమెకే అప్పజెప్పేవాడు. తప్పు పోతే పట్టె మీద దెబ్బ. సరిగ్గా వస్తే ఆమె కళ్లు మూసుకునేది. "చింపినోనికి పైసలిచ్చి..." అనడానికి రెండు పూటలు పట్టింది. మందుల షాపాయన మీద వేసినవి, కండక్టర్ల మీద వేసినవి, తన మీద వేసినవి, అన్నీ చెవిలో భద్రంగా ఉన్నాయి. ఇన్నేళ్లూ మిషన్ చప్పుడులో తాను వింటూనే ఉన్నానని ఆయనకే తెలియదు. ఇంటికొచ్చిన సునంద గుమ్మం దగ్గర ఆగి, "మామ ఎవలతోని మాట్లాడుతున్నడు?" అని భవితను అడిగేది.

మెల్లమెల్లగా పిల్లల ఆటలో ‘గామె’ లేకుండా కుదరలేదు. మేజర్ నీరుగారిపోతే ఆమే లేపేది, డాక్టర్ ఏడిస్తే ఆమే నవ్వించేది. అన్నీ బాగానే ఉన్నాయి, మంచం మీద మాట తప్ప. దెబ్బలే గానీ పలుకు లేదు. డాక్టరమ్మ చెప్పిన రెండో పని ఇంకా మిగిలే ఉందని మల్లేశయ్యకు తెలుసు.

ఒక ఆదివారం, ఆటలో సగం కట్టి వదిలేసిన అపార్టుమెంటులో నీళ్లకోసం వెతుకుతుండగా పాచికలకు బదులు మల్లేశయ్య వేసిన గవ్వలన్నీ బోర్లా పడ్డాయి. గామె లిఫ్టు గుంతలో పడిపోయింది.

"దెబ్బ గట్టిగనే తాకింది," అంది భవిత. "సోయి లేదు. నువ్వే లేపాలె తాతా."

రూలు మొదటినుంచీ ఉన్నదే. పడిపోయిన మనిషిని, ఆ మనిషిని తయారు చేసినవాళ్లే పేరు పెట్టి పిలవాలి. మిగతావాళ్లు నోరు విప్పకూడదు. పిలవకపోతే ఆ అట్టముక్క చించేయాలి.

"ఇగో," అన్నాడు మల్లేశయ్య.

తిరుమల్ తలూపలేదు. "గది పేరు కాదు తాతా."

"గామె."

"గదీ కాదు. గామె అంటే ఎవలన్న కావచ్చు."

తాత ముఖం చూసి భవితకు జాలేసింది. "ఏదో ఒక పేరు పెట్టెయ్ తాతా. మారెమ్మనో, శంకరమ్మనో. ఆటనే గదా."

మల్లేశయ్య మంచం వైపు చూశాడు. అనంతమ్మ ఆయన్నే చూస్తోంది. కోపం లేదు, వెక్కిరింత లేదు. గడప ముందు నిలబడి, పక్కవాడి పెదవులకేసి చూసిన ఆనాటి చూపే అది. ఆమె ముందు ఆమెను ఇంకో పేరుతో ఎలా పిలుస్తాడు? పిలిస్తే ఆయుష్షు తగ్గుతుందన్నారు. ఇన్నేళ్లు పిలవకుండా తాను దాచిన ఆయుష్షు ఆమెను ఏం కాపాడింది? పిలవకుండా ఉండటమే తగ్గించిందేమో. చాప మీద నుంచి లేచి మంచం దగ్గరికి వెళ్లాడు. పెదవులు కదిలాయి.

"అనంతమ్మా."

ఎంత చిన్నగా అన్నాడంటే చాప మీద పిల్లలకు వినపడనే లేదు. అనంతమ్మ ముఖం ఒక పక్కకు వంకరపోయింది. గొంతులో ఏదో గరగరలాడింది. ఎడమ చెయ్యి మంచంపట్టెను గట్టిగా పట్టుకుంది. భవిత భయపడి లేచింది.

"ఇన..." అంది అనంతమ్మ. నాలుక తిరగలేదు. మళ్లీ ఊపిరి తీసుకుంది. "ఇన... వడ... లే."

మల్లేశయ్యకు ముందు అర్థం కాలేదు. ఆమె కళ్లలో మెరుస్తున్న అల్లరి చూశాక అర్థమైంది. ఆనాడు గడప ముందు ఊరంతా వినలేదంటే, తనకు వినపడిందని చెప్పి గండం గట్టెక్కించింది. ఇవాళ వినపడి కూడా వినపడలేదంటోంది.

మల్లేశయ్య నవ్వాడు. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. ఆమె ఎడమ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, బస్టాండు దాకా వినపడేటట్టు మళ్లీ పిలిచాడు.

"అనంతమ్మా!"

"ఓ," అంది ఆమె.