మైకు చాటు అక్షరాలు

మా బడిలో స్పెల్లింగ్ పోటీ రోజున నేను మైకు పెట్టనివ్వను. అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటల మధ్య ఉన్న చిన్న బడి మాది. ఇంగ్లీషు చెప్పేదీ నేనే, పోటీ నడిపేదీ నేనే. ఏటా ఎవరో ఒక తండ్రి లేచి, "మేడమ్, వెనకున్నోళ్లకు ఏం వినవడ్తలేదు" అంటాడు. "ముందుకొచ్చి కూసోండ్రి, పిల్లల నోళ్లు సూడుండ్రి" అంటాను. హెడ్మాస్టరు గారికి నేనంటే కాస్త జంకు, అందుకని కలగజేసుకోరు. మొండి మనిషినని బడిలో పేరు పడింది. పడనీ. కారణం మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న కొత్తగూడెంలో బొగ్గుబాయి కార్మికుడు. భూమి లోపల బొగ్గు గోడకు మిషన్‌తో రంధ్రాలు వేసే పని. ఇరవై ఏళ్లు ఆ చప్పుడు పక్కనే నిలబడ్డాడు. నేను ఆరో తరగతికి వచ్చేసరికి రెండు చెవులూ దాదాపు పోయాయి. దవాఖానాలో చెవి మిషన్ ఇస్తే ఒక వారం పెట్టుకుని, తీసి బైబిలు ఉండే అల్మారాలో పడేశాడు.

"ఇది వెట్టుకుంటే ఇంట్ల గూడ బాయే వినవడ్తది" అన్నాడు.

అప్పటినుంచి ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. చర్చిలో అందుకే ఎప్పుడూ మొదటి వరసలో కూర్చునేవాడు. పాస్టరు గారి నోరు చూస్తూ పాడేవాడు కాబట్టి, సంఘమంతా పాట ముగించాక ఆయనది ఇంకో ముక్క మిగిలి ఉండేది. అది కూడా తాపీగా, పెద్ద గొంతుతో పూర్తి చేసేవాడు. పిల్లలం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లం, అమ్మ మోచేత్తో పొడిచేది. ఆయన మాత్రం చక్కగా ఆమెన్ చెప్పి కూర్చునేవాడు.

ఏడో తరగతిలో మా బడికి స్పెల్లింగ్ పోటీ వచ్చింది. ఇంగ్లీషు సార్ జిరాక్స్ కాగితాల కట్ట ఒకటి ఇచ్చి, రోజూ ఇంట్లో ఎవరితోనైనా అడిగించుకోమన్నారు. మా ఇంట్లో ఎవరున్నారు? అమ్మకు ఇంగ్లీషు రాదు. నాన్న తనూ ఏడుదాకా చదివాడు. అక్షరాలు వచ్చు, మాటలు రావు. సార్ దానికీ ఒక దారి చెప్పారు. ప్రతి మాట పక్కనా దాన్ని ఎలా పలకాలో తెలుగులో రాసుకున్నాను. నాన్న ఆ తెలుగు చదివి మాట అడిగేవాడు. నేను ఒక్కో అక్షరం చెబుతుంటే ఆయన చూపు నా పెదాల మీద, వేలు కాగితం మీద ఉండేవి. తప్పయితే తన తొడ చరుచుకునేవాడు. పూర్తయితే నేను తల పైకెత్తేదాన్ని, అయిపోయిందని అది గుర్తు. సరిగ్గా చెప్పి ఉంటే రెండు చప్పట్లు కొట్టేవాడు.

బి, పి పెదాల మీద ఒకేలా ఉంటాయి. నాన్న మొదటి రోజే ఇబ్బంది పడ్డాడు. చివరికి బి వచ్చినప్పుడల్లా నేను గడ్డం పట్టుకోవాలని ఒప్పందం చేసుకున్నాం. అది ఎంత అలవాటైందంటే, క్లాసులో కూడా బి రాగానే నా చెయ్యి గడ్డం మీదికి పోయేది. పిల్లలు నాకు మేకపిల్ల అని పేరు పెట్టారు.

చెవులు లేని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. పొద్దున్నే క్వార్టర్ మెట్ల మీద కూర్చుని నాన్న మాటలు అడుగుతుంటే వరసంతా నిద్ర లేచేది. "నీ బిడ్డకొస్తదో రాదో గని, మాకొచ్చేటట్టున్నది ఇంగ్లీషు" అని పక్కింటి పెద్దమ్మ విసుక్కునేది. నాన్న ఆమె పెదాలు చూసి, మెచ్చుకుంటోందనుకుని నవ్వేవాడు.

ఒక సంగతి అప్పుడు నాకు తెలియలేదు. అంతకుముందు రెండు మూడేళ్లుగా నాన్నతో ఎవరూ సరిగ్గా మాట్లాడడం లేదు. చెప్పిందే చెప్పాలి, ఎదురుగా నిలబడి చెప్పాలి, ఓపిక ఎవరికుంటుంది? అమ్మ కూడా అన్నం, షిఫ్టు, కిరాణా అనే మూడు మాటలతో సరిపెట్టేది. రోజుకో గంట ఆయన ఎదురుగా కూర్చుని, ఆయనకు కనపడేలా నోరు విప్పిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ గంట కోసం ఆయన నైట్ షిఫ్టు దిగి వచ్చి కూడా పడుకునేవాడు కాదు. మసి కడుక్కుని, కంటి అంచుల్లో ఇంకా నలుపు ఉండగానే, కాగితాలు పట్టుకుని మెట్ల మీదికి వచ్చేసేవాడు.

ఎనిమిదిలో నేను బడిలో మొదటిదాన్నయ్యాను. ఖమ్మంలో జిల్లా పోటీకి పంపారు. నాన్న పనికి నాగా పెట్టి, చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని నాతో బస్సెక్కాడు. దారి పొడుగునా మాటలు అడుగుతూనే ఉన్నాడు. జనం తిరిగి చూస్తుంటే నేను కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాను. ముఖం తిప్పితే ఆయనకు నా పెదాలు కనపడవు. నా భుజం తట్టి మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు.

పోటీ ఒక కాలేజీ హాల్లో. పిల్లలందరినీ స్టేజీ మీద కుర్చీల్లో కూర్చోబెట్టారు. నాన్న మూడో వరసలో, నాకు సూటిగా ఉండే చోటు వెతుక్కున్నాడు. మొదలుపెట్టే సమయానికి కరెంటు పోయింది. ఫ్యాన్లు లేవు, మైకు లేదు. మొదటి రెండు రౌండ్లూ అలాగే, గొంతెత్తి చెప్పాం. మూడో వరసలో నాన్న నా ఒక్కో అక్షరానికి ఒక్కో వేలు ముడుస్తూ కనిపించాడు. నేను తలెత్తగానే రెండు చప్పట్లు. హాల్లో అందరికంటే ముందు ఆయనవే. నా చెయ్యి ఒకసారి గడ్డం దాకా వెళ్లింది కూడా. అంత ధైర్యంగా నేను తర్వాతెప్పుడూ దేనికీ నిలబడలేదు.

మూడో రౌండు ముందు కరెంటు వచ్చింది. హాలంతా హమ్మయ్య అంది. నాకంటే ముందు చెప్పిన పొడుగు పిల్లాడి కోసం ఎత్తిన మైకును నాకోసం కిందికి దించారు. అది సరిగ్గా నా నోటికి అడ్డంగా ఆగింది. నా గొంతు గోడలకు తగిలి తిరిగొస్తోంది. నేను మాట సరిగ్గానే చెప్పాను. తలెత్తి చూస్తే నాన్న వేళ్లు ముడవలేదు. కాస్త ఆగి చప్పట్లు కొట్టాడు. తర్వాత అరచేతిని గాలిలో పక్కకు తోస్తూ సైగ చేశాడు. జరుగు, మైకు నుంచి పక్కకు జరుగు అని.

నేను వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆయన సైగ చేస్తూనే ఉన్నాడు. పక్క కుర్చీలో ఖమ్మం పిల్ల, ఇస్త్రీ చెదరని యూనిఫాం, నా చెవిలో అడిగింది.

"ఎవరే ఆయన? చేతులూపుతున్నడు, నీకేనా?"

"నాకు తెల్వదు" అన్నాను.

నాలుగో రౌండులో నా వంతు వచ్చింది. మైకు ముందు నిలబడగానే నాన్న సీట్లోంచి సగం లేచాడు. రెండు చేతులతో సైగ చేశాడు. నేను చూడనట్టు నటించాను. అప్పుడు ఆయన తన గొంతుతోనే అడిగేశాడు.

"జర జరుగు బిడ్డా! అచ్చరాలు కనవడ్తలెవ్వు!"

హాలంతా అటు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. నిర్వాహకుడు సైలెన్స్ ప్లీజ్ అన్నాడు. అర అడుగు పక్కకు జరిగితే చాలు. గొంతెత్తి చెబితే మైకు ఎలాగూ అందుకునేది. నేను ఇంకా దగ్గరికి జరిగి, మైకు వెనక నోరు పూర్తిగా దాచుకుని, తప్పు స్పెల్లింగ్ చెప్పాను. ఆయన అరవడం వల్లే తప్పిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ మాట నాకు రాదు. అదేమిటో రాయాలని ఇప్పటికీ అనిపించదు.

తప్పని తెలిసీ అలవాటుగా తలెత్తాను. గంట మోగింది. గంట మోగితే దిగిపోవాలి. ఆ నిశ్శబ్దంలో మూడో వరసలో చప్పట్లు మొదలయ్యాయి. రెండు కాదు, చాలా. నాన్న లేచి నిలబడి, తెల్ల చొక్కా చేతులు పైకెత్తి కొడుతున్నాడు. ఈసారి నవ్వు కిసుక్కున ఆగలేదు. నేను కిందికి చూస్తూ మెట్లు దిగి, ఆయన ఉన్న వైపు కాకుండా రెండో వైపు నుంచి బయటికి వెళ్లిపోయాను.

బస్టాండులో ఆయన నా ఎదురుగా వంగి, భుజాలు పట్టుకుని అడిగాడు.

"గెలిచినవా బిడ్డా?"

"అవ్" అన్నాను.

ఇంకే మాటైనా ఆయన తప్పుగా చదువుకునేవాడేమో. అవ్ అనే మాటకు మాత్రం నోరు బాగా తెరుచుకుంటుంది.

తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయానికి నాన్న లేచాడు. దేవుడు చేసిన మేలు సంఘం ముందు చెప్పుకోవడం మాలో ఆనవాయితీ. జబ్బు నయమైనవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు చెబుతారు. నాన్న అంతకుముందు ఎప్పుడూ లేవలేదు. ఆ రోజు కృతజ్ఞత కానుక కవరు చేతిలో పట్టుకుని, గోడలు అదిరేలా చెప్పాడు.

"నా బిడ్డ జిల్లాల ఫస్టొచ్చింది. నా శెవులు వోయినా, దాని నోట్ల ఒక్కో అచ్చరం నాకు సూపిచ్చిండు దేవుడు."

మూడు వరసల వెనక మా ఇంగ్లీషు సార్ కూర్చుని ఉన్నారు. ఖమ్మం నుంచి ఫలితం ఆయనకే వచ్చింది. ఆయన నావైపు చూశారు. నేను పాటల పుస్తకంలోకి తల దూర్చాను. అందరితో పాటు ఆయన కూడా ఆమెన్ అన్నారు. నన్ను ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

సోమవారం పొద్దున నాన్న కాగితాలు పట్టుకుని మెట్ల మీదికి వచ్చాడు. మళ్లీ పోటీకి వెళితే అబద్ధం బయటపడుతుందని నాకు భయం. "ఒకసారి గెలిచినోళ్లను మళ్ల రానియ్యరు నాన్నా" అని, ఆయనకు స్పష్టంగా కనపడేలా చెప్పాను. కాసేపు కాగితాల వైపు చూశాడు.

"మరి ఉత్తగనే అడుగుత, జెప్పరాదూ?" అన్నాడు.

హోంవర్క్ ఉందని లోపలికి వెళ్లిపోయాను. రెండు మూడు రోజులు కాగితాలతో వచ్చి కూర్చున్నాడు. తర్వాత అవి అల్మారాలో చెవి మిషన్ పక్కకు చేరాయి. నా అబద్ధం వల్ల పోయింది ఇదే. కప్పులు, సర్టిఫికెట్లు ఎటూ నావి కావు. ఆ గంట మాత్రం మాది. ఆ తర్వాత మా నాన్నకు ఇంట్లో చూడడానికి పెదాలు లేకుండా పోయాయి.

నేను పెద్దదాన్నయ్యాను, టీచర్నయ్యాను, పెళ్లయింది, పాప పుట్టింది. అల్లుడొచ్చినా, బంధువులొచ్చినా నాన్న అదే చెప్పేవాడు, జిల్లాల ఫస్టని. నేను టీ పెట్టే వంకతో లేచి వెళ్లేదాన్ని. చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. కాగితం మీద రాసి ఇస్తే అయిపోయేది, ఆయనకు తెలుగు బాగానే చదవడం వచ్చు. రాయలేదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నాన్నకు సోకింది. బాయి దుమ్ము తిన్న ఊపిరితిత్తులు ఎన్నాళ్లు ఆగుతాయి? దవాఖానాలో చేర్చిన ఆరో రోజు పోయాడు. మూడో రోజు నన్ను పది నిమిషాలు వార్డు లోపలికి పంపారు. రెండు మాస్కులు, తలకు టోపీ, కళ్లకు అద్దాలు. ముసుగులో ఉన్న మనుషులందరి మధ్య నన్ను ఆయన నా నడకను బట్టి గుర్తుపట్టాడు. మూడు రోజులుగా ఆయనకు ఒక్క నోరు కూడా కనపడలేదు. నర్సులు ఏదో అడుగుతారు, ఆయన అన్నిటికీ తలూపుతాడు. అన్నిటికీ తలూపే పేషెంటు మంచివాడని వాళ్లు నాతో అన్నారు.

మంచం పక్కన నిలబడి చెప్పేశాను. "నాన్నా, ఆ రోజు నేను గెలవలే. నువ్వు జరగమన్నది నాకు కనవడ్డది. సిగ్గయి జరగలే." మాస్కు వెనక నుంచి, ఆయనకు అందదని తెలిసే చెప్పాను. ధైర్యం అని దాన్ని అనుకోవడానికి లేదు.

ఆయన నా మాస్కు కదలడం చూస్తున్నాడు. సూది గుచ్చిన చెయ్యి మెల్లగా పైకి లేచింది. అరచెయ్యి గాలిలో పక్కకు తోసింది. ఒకసారి. మళ్లీ ఒకసారి.

నర్సు పక్క మంచం దగ్గర అటు తిరిగి ఉంది. రెండు వేళ్లతో మాస్కు కిందికి లాగితే సరిపోయేది. ఇంట్లో పాప ఉంది, నాకు భయమేసింది. అది నిజమే. కానీ భయం ఒక్కటే కాదు. మాస్కు తీస్తే ఆ మాటలు మళ్లీ చెప్పాలి, ఈసారి ఆయనకు కనపడతాయి. నేను తీయలేదు. నోరు మూసుకుని, తల పైకెత్తి ఆయన కళ్లలోకి చూశాను.

మాస్కు కదలడం ఆగడం, తల పైకి లేవడం ఆయన చూశాడు. సూది ఉన్న చేత్తో రెండో చేతిని తట్టాడు. శబ్దం కూడా రాలేదు. రెండుసార్లు.

పది నిమిషాలు అయిపోయాయని నర్సు అంది. నేను కిందికి చూస్తూ బయటికి వచ్చేశాను.