కుంపటి పక్కన విప్పిన డిస్కు

పాడేరులో వరహాలరావు చేతికి లొంగని వస్తువు లేదని అందరూ అనేవారు. ఆ అందరిలో మొట్టమొదటివాడు వరహాలరావే. మాడుగుల దగ్గర పల్లెలో పుట్టి, రేడియో రిపేరు నేర్చుకుని, పెళ్లయిన ఏడాదే ఘాటీ ఎక్కి వచ్చి, సంతకు వెళ్లే దారిలో చిన్న కొట్టు పెట్టాడు. రేడియోలు పోయి టేపురికార్డర్లు వచ్చాయి. అవీ పోయి టీవీలు వచ్చాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా ఇక నా పని అయిపోయిందని మంచమెక్కడం, నాలుగు రోజులకి లేచి కొత్తది నేర్చుకోవడం ఆయనకి అలవాటు. నలభై ఆరేళ్ల వయసులో విశాఖపట్నం వెళ్లి, మీసాలు రాని కుర్రాళ్ల మధ్య బెంచీ మీద కూర్చుని మూడు నెలలు కంప్యూటరు రిపేరు కోర్సు చేశాడంటే చూడండి, ఎంత మొండిఘటమో!

ఆ మొండితనానికి కారణం ఒక్కటే. "కిందకి పట్టుకెళ్లిపోండి" అనే మాట వింటే ఆయనకి ఒళ్లు మండేది. ఏజెన్సీలో ఏది పాడైనా ఆ మాటే. జ్వరం ముదిరితే కిందకి, మోటారు కాలితే కిందకి, కళ్లజోడు విరిగితే కిందకి. కొండ మీద మనుషులే లేనట్టు!

2008 డిసెంబరు మొదటివారంలో జయశ్రీ టీచరు ఆయన కొట్టుకి ఒక ల్యాప్‌టాప్ తెచ్చింది. ఆవిడ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెబుతుంది. చింతపల్లి నుంచి వస్తుంటే జీపులో పద్దెనిమిది మంది ఉన్నారట. బ్యాగు ఒళ్లో పెట్టుకునే చోటు లేక పైన మిరియాల బస్తాల మధ్య పెట్టించిందట. మలుపులో తాడు జారి, బ్యాగు రోడ్డు మీద పడింది.

"ఇది పోతే పోయింది వరహాలరావుగారూ, ఇందులో ఫొటోలు కావాలి" అంది టీచరు. "మౌనిక అని ఏడో తరగతి పిల్ల ఉండేది. వానాకాలం జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచి తీసిన ఫొటో ఒక్కటే, మా స్కూలు వార్షికోత్సవంలో ఆడపిల్లలందరినీ నిలబెట్టి నేను తీసింది. కెమెరాలో చెరిపేశాను. కాపీ ఇందులోనే ఉంది. వాళ్లమ్మ యర్రమ్మ ఒక్క కాపీ అచ్చు వేసిమ్మని ఆరోజు నుంచీ అడుగుతోంది. రేపూ మాపూ అంటూ నేనే తాత్సారం చేశాను. విశాఖ పంపించమంటారా?"

అదిగో, అక్కడ పడింది నిప్పు.

"కిందకెందుకండీ? నేను సచ్చిపోయానేటి?" అన్నాడు వరహాలరావు.

స్విచ్చి నొక్కితే దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం చీకటి. ఆయన టార్చిలైటు వేసి తెరని ఏటవాలుగా చూశాడు. లోపల అక్షరాలు లీలగా కనిపించాయి. హమ్మయ్య, తెర వెనక ఉండే లైటే పోయిందన్నమాట అనుకుని, కొట్లో ఉన్న పాత మానిటరు తగిలించాడు. బొమ్మ వచ్చింది గానీ అందులో ఒకటే ముక్క, డిస్కు దొరకలేదని. ఫొటోలన్నీ ఉండే పెట్టె ఆ డిస్కే. దాన్ని ఊడదీసి, కరెంటిచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల తిరగాల్సిన పళ్లెం తిరగడం లేదు. సన్నగా మూలుగుతోంది, ఆగుతోంది, మళ్లీ మూలుగుతోంది. పడిన దెబ్బకి, పళ్లేన్ని చదివే సూది దాని మీదే ఇరుక్కుపోయింది.

జబ్బు తెలిసింది. మందే తెలియలేదు. కోర్సులో పాఠం చెప్పిన అనిల్ ఆరోజే అన్నాడు, మాస్టారూ, దుమ్ము బొత్తిగా లేని ప్రత్యేకమైన గదిలో తప్ప దీని మూత విప్పకూడదు, కంటికి కనపడని నలుసు పడ్డా పళ్లెం గీరుకుపోతుందని. ఒక్క ఫోను చేసి అనిల్‌ని అడిగితే ఏం పోయేది? కానీ అడగడమంటే కిందకి పంపినట్టే అనిపించింది ఈ మహానుభావుడికి.

శుక్రవారం సంతకి వచ్చిన యర్రమ్మ గంప దింపి కొట్టు మెట్టు మీద కూర్చుంది.

"ఏటి బాబూ, నా గుంట మౌనిక కనిపించిందా?"

"వచ్చే వారం రా అప్పా. సేత్తన్నాను."

రెండో శుక్రవారమూ వచ్చింది. కసురుకోలేదు, తొందరపెట్టలేదు. పొద్దువాలేదాకా ఆ మెట్టు మీదే కూర్చుని, ఆయన చేతుల వైపే చూసి వెళ్లింది.

మర్నాడు పొద్దున్న తెగించాడు. ఆ వారం లంబసింగిలో గడ్డి మీద మంచు గడ్డకట్టిందని జీపువాళ్లు చెప్పుకుంటున్నారు. పాడేరులో రోడ్డు తడి, చెట్లు తడి, ఆరేసిన బట్ట రెండు రోజులైనా తడి. "దుమ్మంటే విశాఖలో ఉంటాది గానీ ఈ మంచులో దుమ్మేటి, నా మొకం!" అనుకున్నాడు. అయినా జాగ్రత్త పడ్డాడండీ, పడలేదనడానికి లేదు. కొట్టు తలుపు మూశాడు. నేల మీద నీళ్లు చల్లాడు. బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచాడు. మూతికి తువ్వాలు కట్టుకున్నాడు. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, కాళ్ల దగ్గరున్న బొగ్గుల కుంపటిని ఇంకాస్త దగ్గరికి లాక్కుని, చేతులు కాచుకున్నాడు.

ఇరవై రెండు చలికాలాలు కుంపటి పక్కన పని చేసిన మనిషి. కుంపటి ఆయనకి కొట్లో ఒక వస్తువులా కనిపించడం ఏనాడో మానేసింది.

మూత విప్పాడు. ప్లాస్టిక్ ముక్కతో సూదిని మెల్లగా పక్కకి జరిపాడు. మూత బిగించి కరెంటిచ్చాడు. పళ్లెం గిర్రున తిరిగింది! "వచ్చేసినావు తల్లీ!" అని కేకేశాడు. కంప్యూటరులో పేర్లు వరసగా వచ్చాయి. వార్షికోత్సవం అన్నది తెరిచి మొదటి ఫొటో నొక్కాడు. బొమ్మ పైనుంచి కిందికి విచ్చుకోసాగింది. ముందు ఆకాశం, తర్వాత బడి కప్పు, రంగు కాగితాల తోరణం. ఆ కింద వరసగా ఆడపిల్లల తలలు. నూనె రాసి దువ్విన జుట్టు, తిన్నని పాపిడి, ఎర్ర రిబ్బన్లు. నుదుళ్లు సగం దాకా వచ్చాయి.

అక్కడ ఆగిపోయింది. డిస్కులోంచి మాడిన గిన్నెని గరిటెతో గీకినట్టు చప్పుడు. ఆయన తీగ పీకేసేలోగా అంతా అయిపోయింది. మళ్లీ విప్పి చూస్తే పళ్లెం చుట్టూ గుండ్రంగా గీత. భూతద్దం పెట్టాడు. అంచున తెల్లగా, మెత్తగా, బూడిద. తలతిప్పి కుంపటి వంక చూశాడు. నెత్తి బాదుకుని, తలుపు మూసిన కొట్లో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు చేశాడు అనిల్‌కి ఫోను.

"సూది ఇరుక్కుందా? అదే అయితే మూత తియ్యకుండా పంపండి మాస్టారూ. హైదరాబాదులో తీసేవాళ్లున్నారు, ఫొటోలు చాలావరకు వచ్చేస్తాయి" అన్నాడు అనిల్. చేతిలోని మూతని వరహాలరావు బల్ల మీద పెడితే ఠంగుమంది. "మాస్టారూ... విప్పేశారా?"

జయశ్రీ టీచరుకి చెబితే ఆవిడ ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "యర్రమ్మకి మీరే చెప్పండి" అని మాత్రం అంది. శుక్రవారానికి ఇంకా ఆరు రోజులుంది వరహాలరావుకి. జీపు మీంచి పడి పోయిందని చెప్పేద్దామనుకున్నాడు. అబద్ధం కూడా కాదు, సగం నిజమే. అద్దం ముందు నిలబడి రెండుసార్లు చెప్పుకున్నాడు కూడా.

శుక్రవారం యర్రమ్మ రాజ్‌మా గింజల గంప దింపి మెట్టు మీద కూర్చుంది.

"కనిపించిందా బాబూ?"

అద్దం ముందు వల్లించిన మాట నోట్లోంచి రాలేదు. "నేదప్పా. జీపు మీంచి పడి పోనేదు. నేనే పాడుసేసినాను."

"నువ్వెందుకు పాడుసేత్తావు? నువ్వు బాగుసేసీవోడివి గదా."

ఆయన అంతా చెప్పాడు. కిందకి పంపనివ్వకపోవడం, మూత విప్పడం, కుంపటి, బూడిద. ఏదీ దాచలేదు. రిబ్బన్ల దాకా కనిపించాయని చెప్పినప్పుడు ఆమె ముందుకు వంగింది.

"మొకం?"

"రానేదప్పా."

"అందల మా గుంట తల ఏదో నీకు తెలిసిందేటి?"

"తెలీనేదు."

ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. రోడ్డు మీద పోయే జనాన్ని చూస్తూ గంపలో గింజలు సర్దింది. వరహాలరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎంత మాటన్నా పడదామని నిలబడ్డాడు.

"అది పోయిన కాన్నించి ఊర్లో దాని పేరెవులూ ఎత్తరు" అంది యర్రమ్మ. "నాను ఏడుత్తానని బయిం. శుక్రోరం పూట మాత్రం, ఏ ఊరెల్తన్నావని ఎవులడిగినా, మా మౌనిక పని మీద పాడేరు ఎల్తన్నానని సెప్పీదాన్ని. సెప్పుకోడానికి బాగుండీది బాబూ. ఇంక దాని పనేటీ నేదు. వచ్చే శుక్రోరం ఏటని సెప్పాల?"

యర్రమ్మ లేచి గంప తలకెత్తుకుంది. గింజలు అమ్మలేదు. సంత వైపు కాకుండా, ఊరికి పోయే జీపుల వైపు నడిచింది.