చుట్టుదారి మావయ్య, నీలం బాణం

చుట్టుదారి మావయ్య ఏ మనిషికీ తిన్నగా దారి చెప్పిన పాపాన పోలేదు. స్టేషను ఎటని అడిగితే చేపల మార్కెట్టు మీదుగా పంపేవాడు. చేపల మార్కెట్టు ఎటని అడిగితే స్టేషను మీదుగా పంపేవాడు. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టం స్నానాల గది ఎక్కడని అడిగితే, "వంటింట్లోంచి పెరట్లోకి దిగి, అటునించి వరండా ఎక్కి..." అని మొదలుపెట్టాడు. ఆ గది తలుపు చుట్టం వీపు వెనకే ఉంది. ఎవరైనా నిలదీస్తే ఎప్పుడూ ఒకటే జవాబు. "సరస్సు గుండ్రంగా ఉంది కదండీ. ఎటు వెళ్ళినా ఇంటికే చేరతారు. తొందరెందుకు?"

ఇలాంటి మనిషికి ఆ ఊళ్ళో ఏం పని అప్పజెప్పారంటే, సరస్సు చుట్టూ కొండల్లో ఉన్న సైకిలు బాటలకి దారి గుర్తులు పెట్టే పని. అందులో ఊరివాళ్ళ తప్పు కూడా లేదు. ఆ బాటలు వేసిందే ఆయన. వయసులో ఉండగా స్నేహితుడితో కలిసి పొదలు కొట్టి, రాళ్ళు దొర్లించి, వాగుల మీద పలకలు పరిచి వేశాడు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి నీలం బాణాల దారి, ఎముకల మీద పెద్దగా ఆశలేనివాళ్ళకి ఎర్ర బాణాల దారి. సరస్సు అందం చూడ్డానికి వచ్చినవాళ్ళంతా సైకిలు అద్దెకి తీసుకుని నీలం దారే పడతారు.

మేనకోడలికి ఆ బాటల పర్యవేక్షణ ఉద్యోగం వచ్చింది. మొదటి ఉద్యోగం. మావయ్య ఇంట్లో మేడ మీద గదిలో దిగి, మొదటిరోజు పొద్దున్నే ఆఫీసుకి దారి అడగడమే ఆమె చేసిన పొరపాటు. పడవల రేవు, రంపపు మిల్లు, పిల్లల బడి, మళ్ళీ పడవల రేవు చూసుకుని ఆఫీసు చేరేసరికి అందరూ భోజనాలకి లేస్తున్నారు. తీరా చూస్తే ఆఫీసు మేడ మీద ఆమె గది కిటికీకి ఎదురుగానే ఉంది.

ఆఫీసులో ఆమె కోసం ఫిర్యాదులు కాచుక్కూచున్నాయి. అన్నీ నీలం దారి మీదే. రేవుకి వెళ్ళాల్సినవాళ్ళు ఎక్కడికో పోతున్నారు. ఎక్కడికో మాత్రం ఎవరికీ తెలియదు. అంతకన్నా అర్థం కానిది, ఫిర్యాదు చేసేవాళ్ళ మొహాలు. ఒక కొత్త జంట బురద బూట్లతో వచ్చి బల్ల ముందు నిలబడింది.

"తప్పిపోయామండీ. ఎవరో ముసలాయన నానా తిట్లూ తిట్టాడు," అన్నాడు పెళ్ళికొడుకు.

"తిట్టాడా?" మేనకోడలు కంగారుపడింది.

"చాలా బాగా తిట్టాడండీ," అంది పెళ్ళికూతురు, ఏదో బహుమతి అందుకున్నట్టు. "రేపు మళ్ళీ వెళ్దామనుకుంటున్నాం. ఎలా వెళ్ళాలో చెప్తారా?"

తప్పిపోయిన చోటికి దారి ఎలా చెప్పాలో మేనకోడలికి తోచలేదు. ఆ రోజంతా ఆలోచించినా, వీళ్ళు ఫిర్యాదు చేశారో మెచ్చుకున్నారో కూడా తేలలేదు.

ఊరి మునిసిపల్ కమిషనరుకి మాత్రం అంతా తేటతెల్లంగా ఉంది. "చూడమ్మా, సోమవారం నేనే సైకిలెక్కి నీలం దారిలో వస్తాను. రేవుకి చేరితే సరే. తప్పిపోయానంటే దారి మూసేస్తాను, ఆ బోర్డుల పెద్దాయన్ని ఇంటికి పంపేస్తాను. నీ సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

దారి మూసేస్తే మావయ్య ఏమైపోతాడో ఆమెకి తెలుసు. వాన కురిసిన మర్నాడు పలుగు భుజాన వేసుకుని ఆ బాటల్లోకి వెళ్తేనే గానీ ఆయనకి అన్నం సయించదు. రాత్రి భోజనాల దగ్గర విషయం కదిపింది.

"మావయ్యా, నీలం బాణం ఎవరైనా తిప్పేస్తున్నారా?"

"గాలి," అన్నాడు మావయ్య.

"బోల్టు బిగించిన బాణాన్ని గాలి తిప్పుతుందా?"

"కొండగాలి కదే అమ్మడూ. అది ముందు సరస్సు మీదుగా వచ్చి, రంపపు మిల్లు దగ్గర ఎడమకి తిరిగి..."

గాలికి కూడా చుట్టుదారే చెప్తున్నాడని తెలిసి ఆమె కంచం తీసుకుని లేచిపోయింది.

మర్నాడు తనే సైకిలు తీసుకుని బయల్దేరింది. బాణం చూపించిన ప్రతిచోటా తిరిగింది. పైన్ చెట్ల మధ్య మెత్తటి బాట, తర్వాత వాగు, తర్వాత దారి రెండుగా చీలే చోటు. అక్కడ బాణం కుడికి చూపిస్తోంది. కుడికి తిరిగితే కొండ కాదు, లోయ కాదు, చదునైన సందు. పసిపిల్ల కూడా పడిపోనంత చదును. ఆ సందు చివర ఒక పెంకుటిల్లు, ముందు గేటు, వరండాలో వాలుకుర్చీ, కుర్చీలో కర్ర పట్టుకున్న ముసలాయన.

"ఏమ్మాయ్, ఆగు. అది సైకిలు తొక్కడమా, పిండి రుబ్బడమా? వెనక బ్రేకు వదిలేసి ముందు బ్రేకు నొక్కుతావేం? దిగు. సైకిలు బోర్లా పెట్టు. రేవుకేగా?"

"మీకెలా తెలుసు?"

"ఇక్కడికొచ్చేవాళ్ళంతా రేవుకెళ్ళాల్సినవాళ్ళే. ఆ బాణాల వెధవ ఒకడున్నాడు, వాడి పుణ్యం." ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది. పక్కనున్న పెట్టెలోంచి పానా తీసి, బ్రేకు వైరు బిగించి, సీటు దించి, మంచినీళ్ళిచ్చి, రేవుకి దారి ముక్కుసూటిగా చెప్పాడు. దారి పొడుగునా ఆమె సైకిలు చెప్పినట్టు విన్నది.

ఊళ్ళో విచారిస్తే తెలిసింది. ఆయన బ్రేకుల మాస్టారు. ఊళ్ళో సగం మందికి సైకిలు నేర్పినవాడు, మావయ్యతో కలిసి బాటలు వేసినవాడు. ఎర్రదారిలో పడి తుంటి విరిగాక గేటు దాటడం మానేశాడు. మేనకోడలు పరుగున ఇంటికొచ్చి మావయ్యని నిలదీసింది.

"మాస్టారింటికి జనాన్ని పంపుతున్నది నువ్వే. అవునా, కాదా? తిన్నగా చెప్పు."

తిన్నగా చెప్పడం అలవాటు లేక మావయ్య పాత సంగతి దగ్గర మొదలుపెట్టాడు. "వాడు పడ్డాక ఊరంతా పరామర్శకి వెళ్ళింది. అందర్నీ తరిమేశాడు. నేను పళ్ళు పట్టుకెళ్తే ఆ పళ్ళతోనే కొట్టాడు. జాలి చూపిస్తే పడదు వాడికి. ఏం చెయ్యను? పరామర్శకి వచ్చినవాణ్ణి తరుముతాడు గానీ, దారి తప్పినవాణ్ణి తరమలేడు కదా."

మేనకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మావయ్య మీద అంత ముద్దు ఆమెకి ఎప్పుడూ రాలేదు. అయినా సోమవారం ముంచుకొస్తోంది. ఆమె కమిషనరు సంగతి చెప్పింది. మావయ్య జేబులోంచి పానా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"దారంటూ ఉంటే తర్వాత వాడి సంగతి ఇంకోలా చూసుకోవచ్చు. తిప్పెయ్," అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె బాణాన్ని రేవు వైపు తిప్పి బోల్టు బిగించింది. శని, ఆదివారాలు ఒక్కరూ తప్పిపోలేదు. ఆఫీసుకి ఒక్క ఫిర్యాదూ రాలేదు. మావయ్య మాత్రం అన్నం కెలికి వదిలేశాడు, ఎవరో వీధిలో పోస్టాఫీసు ఎటని అడిగితే "అదిగో, ఎదురుగా," అన్నాడు. మేనకోడలికి భయం వేసింది.

సోమవారం పొద్దున్నే మావయ్యని పక్కనే కూచోబెట్టుకుని రేవులో కాపు కాసింది. పానా ఆమె సంచిలోనే ఉంది. పడవలు వెళ్ళాయి, వచ్చాయి. సైకిళ్ళవాళ్ళు ఒక్కరూ దిగలేదు. కమిషనరు అసలే దిగలేదు.

"మావయ్యా," అంది ఆమె పళ్ళు బిగించి.

"నీ పక్కనే ఉన్నాను కదే."

ఇద్దరూ ఎదురు బయల్దేరి చీలిక దగ్గరికి వెళ్ళారు. బాణం మళ్ళీ కుడికి తిరిగి ఉంది. ఎవరు తిప్పారో, ఎందుకు తిప్పారో ఆమెకి అంతుపట్టలేదు. మావయ్య మాత్రం కింద బురదలోకి చూస్తూ ఉండిపోయాడు. చెప్పుల గుర్తుల పక్కనే వరసగా గుండ్రటి చిల్లులు. కర్ర దిగిన చిల్లులు.

"వాడు గేటు దాటాడే," అన్నాడు మావయ్య. ఆ చిల్లుల వెంటే గబగబా నడిచాడు.

మాస్టారి వరండాలో కమిషనరు గారి సైకిలు బోర్లా పడుంది. పక్కన కమిషనరు గారు చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా తిట్లు తింటున్నారు.

"ఈ వైరు చూశారా? ఒక్క పోగు మీద వేలాడుతోంది. రేవు దగ్గర దిగుడులో తెగితే సరాసరి సరస్సులోకే పోయేవారు. ఈత వచ్చా?"

"రాదండీ," అన్నాడు కమిషనరు.

మేనకోడలు గేటు దగ్గర ఆగింది. "మాస్టారూ, బాణం మీరు తిప్పారా?"

"తిప్పాను. తప్పేముంది?" మాస్టారు గదిమాడు. "జనాన్ని తిప్పించి మురిసిపోవడమే మీ మావయ్యకున్న ఒకే ఒక్క సరదా. రెండ్రోజులు ఒక్కడూ రాకపోతే, బాణం తిప్పే ఓపిక లేక మంచాన పడ్డాడేమోనని బెంగేసింది. వాడు లేచేదాకా వాడి పని నేను చేద్దామని కర్రా, పానా పట్టుకుని వెళ్ళాను. వాణ్ణి చిన్నబుచ్చకండి. వాడితో ఈ మాట అనకండి కూడా."

అనక్కర్లేదు, మావయ్య ఆమె వెనకే ఉన్నాడు. ఎవరు ఎవరికి ఉపకారం చేస్తున్నారో లెక్క తేలక మేనకోడలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

కమిషనరు తెగబోయిన వైరు వంక మరోసారి చూసి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, దారి మూసేమాట మర్చిపో. నీలం దారి ఈ గేటు ముందు నించే పోవాలని బోర్డు రాయించు. బ్రేకులు చూపించుకోకుండా ఎవరూ రేవుకి దిగకూడదు." అని, కొత్త వైరు బిగిసిన సైకిలెక్కి, వెనక బ్రేకే మొదట నొక్కుతూ జాగ్రత్తగా వెళ్ళిపోయాడు.

మావయ్య ఇంకా గేటు అవతలే నిలబడి ఉన్నాడు. పోయినసారి పళ్ళ దెబ్బలు గుర్తున్నాయి కాబోలు, గడియ మీద చెయ్యి వేసి తియ్యలేదు.

"ఏంట్రా, పరామర్శకొచ్చావా?" అన్నాడు మాస్టారు, కర్ర సవరించుకుంటూ.

ఆ కొండల్లో ప్రతి రాయినీ తన చేత్తో దొర్లించిన మావయ్య, అటూ ఇటూ చూసి, తల గోక్కుని చాలా అమాయకంగా అన్నాడు. "లేదురా. దారి తప్పాను."

మాస్టారు ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత పక్కనున్న కుర్చీని కర్రతో ముందుకి నెట్టాడు.

"అయితే కూర్చో. చెప్తాను. కాస్త పొడుగు దారి."