రాహుకాలానికి ముందు తిప్పిన తాళం

మా చిన్నప్పుడు ఇంట్లో ఒక పట్టింపు ఉండేది... బండి బాగుచేయిస్తే మొదటిసారి తాళం ఆడపిల్లే తిప్పాలి. అందుకే ఆ శుక్రవారం పొద్దున, కడపలో మెకానిక్ షెడ్డు ముందు, మా నాయన తన లారీ డ్రైవర్ సీట్లో నన్ను కూర్చోబెట్టాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు... కాళ్లు కిందికి అందేవి కావు.

అది ఇంజన్ ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు ముక్కు లారీ. ఉప్పు మూటలు, సబ్బులు, బిస్కెట్ డబ్బాలు నాయన దాంట్లోనే ఊరూరా అంగళ్లకు వేసేవాడు. ఇంజన్ పగిలిపోతే, ఇంకో పాత లారీది తెచ్చి ఎక్కించాడు మెకానిక్ ఖాదర్ మామ. ఈ ఇంజన్ కూడా పనికిరాకపోతే లారీ తుక్కు కిందికే... ఇంట్లో అందరి ముఖాల్లో అదే దిగులు.

"ఏమప్పా ఖాదరూ, పదిన్నరకు రాహుకాలం వస్తాది. తొందరగా కానీప్పా!" నాయన కాలు నిలవడం లేదు.

"గాలి వడగట్టే డబ్బా ఇంకా బిగించలేదన్నా... డీజిల్ పంపు కూడా ఇంగోసారి చూడాల."

"అవన్నీ తర్వాత చూద్దువులే. ముందు పాపతో తిప్పిద్దాం."

అవ్వ అప్పటికే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేసింది. తాళం తిప్పాను... రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి ఇంజన్ అందుకుంది. అవ్వ చేతులు జోడించింది. నాయన నవ్వాడు.

ఆ నవ్వు చూస్తుండగానే చప్పుడు పెరగడం మొదలైంది...

ఎవరూ ఏదీ తొక్కలేదు. అయినా ఇంజన్ అరుస్తోంది... ఇంకా... ఇంకా... సీటు, స్టీరింగ్, నా పళ్లు అన్నీ అదిరిపోతున్నాయి. అద్దంలోంచి పొగ తప్ప ఏమీ కనిపించడం లేదు.

"ఆపు పాపా! పిడి లాగు!" కిందినుంచి నాయన కేక.

ఇంజన్ ఆపే పిడి గట్టిగా లాగాను. ఆగలేదు. తాళం వెనక్కి తిప్పాను. ఆగలేదు. నేనే ఏదో విరగ్గొట్టాననుకున్నాను. తలుపు తీద్దామంటే చేతులు రాలేదు. "నాయనా!" అని అరిచాను, నా అరుపు నాకే వినపడలేదు.

పొగ కాస్త పలచబడ్డ చోట నుంచి చూస్తే షెడ్డులో పనిచేసే పెద్దవాళ్లందరూ దూరంగా పరిగెత్తుతున్నారు. ఇంజన్ పేలిపోతుందని వాళ్ల భయం. పెద్దవాళ్లే పరిగెత్తుతుంటే నా గతేమిటి అనిపించింది.

నాయన ఒక్కడే బండి వైపు వచ్చాడు. తలుపు లాగి, నా రెక్క పట్టుకుని కిందికి ఈడ్చాడు. అదే క్షణంలో ఖాదర్ మామ నీళ్ల డ్రమ్ములో గోనెసంచి ముంచి తెచ్చి, ఇంజన్‌కు గాలి పోయే గొట్టానికి అదిమిపెట్టాడు. ఊపిరాడక ఇంజన్ ఒక్కసారి గింజుకుని ఆగిపోయింది.

"ఈ పిల్ల చెయ్యి మంచిది కాదప్పా. ఇంగెప్పుడూ దీంతో తిప్పించొద్దు," అంది అవ్వ.

నిజం చెప్పాలంటే ఇంజన్ కంటే ఆ మాటకే ఎక్కువ హడలిపోయాను... ఎందుకంటే నేనూ నమ్మేశాను.

ఖాదర్ మామ వేడి ఇంజన్ తగిలి కాలిన చెయ్యి నీళ్లలో పెట్టుకుని అన్నాడు, "పంపులో డీజిల్ వదిలే కడ్డీ ఇరుక్కునిందవ్వా, అందుకే డీజిల్ ఆగకుండా పోయింది. చూసుకోకుండా ఇచ్చింది నేను. పాపేం చేసింది?"

నాయన తలొంచుకుని నిలబడ్డాడు.

అదృష్టం కొద్దీ ఇంజన్‌కు ఏమీ కాలేదు. మధ్యాహ్నానికి పంపు విప్పి సరిచేశారు. నాయన మళ్లీ నన్నే పిలిచాడు. రానని డ్రమ్ము వెనక దాక్కుని ఏడ్చాను. అవ్వ వద్దంటున్నా వినకుండా ఎత్తుకెళ్లి, తాను సీట్లో కూర్చుని నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు.

"తిప్పు పాపా. నేనుండా కదా."

నా చేతి మీద ఆయన చెయ్యి... అది నా చేతి కంటే ఎక్కువగా వణుకుతోంది. కళ్లు మూసుకుని తిప్పాను. డుగుడుగుమని మామూలుగా, బుద్ధిగా తిరిగింది ఇంజన్. అయినా చాలాసేపు ఇద్దరం తాళం మీద నుంచి చేతులు తీయలేదు.

ఇప్పుడు మీట నొక్కితే చప్పుడు లేకుండా కదిలే బండ్లు వచ్చాయి... మంచిదే. ఏదైనా చెడిపోతే ఎవరి చేతి వల్లనో అని వెతికేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నారు. తానూ భయపడుతూనే, మళ్లీ నా చేతికే తాళం ఇచ్చిన మనిషి నాకిప్పుడు లేడు... మీకు అలాంటివాళ్లు ఉంటే, వాళ్ల గురించి కింద నాలుగు మాటలు రాయండి. చదువుకుంటాను...