తాళాలమ్మ సత్రంలో పోయిన మూట

ఆ రోజుల్లో సత్రం నడపడమంటే కత్తి మీద సామే. పొద్దున్నే బాటసారులందరూ వాకిట్లో నిలబడి, సామాను చూసుకుని, "నాది నా దగ్గరుంది" అని పైకి చెప్పాలి. అందరూ చెప్పాకే వీధి తలుపు తియ్యాలి. దొంగ దొరికితే నాలుగు వీధుల కూడలిలో కొరడా దెబ్బలు. దొంగ సత్రం మనిషే అయితే దెబ్బలు రెట్టింపు. ఈ చట్టం రాసిన మహానుభావుడు ఏనాడూ సత్రం ముఖం చూసి ఉండడు.

నడుముకు తాళాల గుత్తి లేకుండా ఎవరూ చూడలేదు గనుక ఆమెను అందరూ తాళాలమ్మ అనేవారు. భర్త పోయాక సత్రమూ, ముసలి మామగారూ ఆమె నెత్తిన పడ్డారు. జీవితమంతా ఆ సత్రం నడిపిన మామగారు ఈమధ్య మతి తప్పి, కోడలిని పనిమనిషి అనుకుంటున్నాడు.

ఆ పొద్దున అందరూ చెప్పారు, బట్టల వ్యాపారి తప్ప.

"నా మూట లేదు. అరుగు మీద పెట్టి మొహం కడుక్కోడానికెళ్లా. ఇంతలోనే మాయం!"

తాళాలమ్మ చప్పున లోపలి గది వైపు చూసింది. అరుగు మీద ఎవరైనా మూట వదిలేస్తే లోపల భద్రం చెయ్యడం మామగారి పాత అలవాటు. పూర్వం దాచగానే సొంతదారుకి చెప్పేవాడు. ఇప్పుడు దాచిన సంగతే ఆయనకు గుర్తుండదు.

"లోపల చూసొస్తా బాబూ," అంటూ పరుగెత్తింది. అనుకున్నంతా అయింది. మామగారు మూట ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"మావయ్యా, ఇటివ్వండి. మీకు దణ్ణం పెడతా."

చెయ్యి వేసిందో లేదో, ముసలాయన ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"దొంగ! దొంగ! బాటసారి మూట లాక్కుంటోంది!"

వాకిట్లోవాళ్లంతా గుమ్మంలోకి వచ్చిపడ్డారు.

"ఎవరు తీశారు?" అని వ్యాపారి గద్దించాడు.

కొరడా అంటే తాళాలమ్మకు చచ్చేంత భయం. మామగారికి మతి లేదంటే, దొంగలందరూ చెప్పేది అదేగా అంటారు. ఆ ఎముకల గూడు ఒక్క దెబ్బకైనా ఆగదు.

"నేనే," అంది.

వ్యాపారి మూట తీసుకుని భటులకు కబురు పంపాడు. కబురు తీసుకెళ్లేవాడికి వీధి తలుపు ఆమే తియ్యాల్సి వచ్చింది.

తిరిగొచ్చి మంచం కోడు పట్టుకుని కూలబడింది. వీధిలో భటుల అడుగుల చప్పుడు వినిపిస్తోంది. మామగారు ఆమె కళ్లలోకి జాలిగా చూసి, తల నిమిరి, గొంతు తగ్గించాడు.

"భయపడకమ్మా. లేనిదానివి, ఏదో ఆశపడ్డావు. నువ్వు తీశావని నేనెవరికీ చెప్పన్లే."